చిట్టా, ఆవర్జా: ఒక శాస్త్రజ్ఞుని వ్యాసాల లెక్క

పూర్వం వర్తకుల ఇళ్లలో రెండు పుస్తకాలు తప్పక ఉండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. ఏ రోజున ఏ బేరం జరిగినదో ఆ రోజు వరుసలోనే వ్రాసుకొనేది చిట్టా. ఆ పద్దులనే తరువాత ఎవరి పేర వారి ఖాతాలోనికి ఎక్కించేది ఆవర్జా. చిట్టా చూచినట్లయితే నిన్న ఏమి జరిగినదో తెలుస్తుంది. ఆవర్జా చూచినట్లయితే ఎవరికి ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలుస్తుంది. విజ్ఞానశాస్త్రానికి కూడ ఇట్టి పుస్తకాలు రెండు ఉన్నవి.

శాస్త్రజ్ఞులు తమ పరిశోధన ఫలితాలను పత్రికలలో వ్యాసాలుగా ప్రకటిస్తారు. ఆ పత్రికలే శాస్త్రలోకపు చిట్టా. ప్రతి వ్యాసంలోను రచయిత తనకు పూర్వం ఆ విషయాన్ని శోధించినవారిని పేర్కొంటాడు. ఈ పద్ధతి ఫలానావారిది, ఈ కొలత ఫలానావారు చూపినది అని చెప్పుకొంటాడు. దీనికే ఉల్లేఖనమని పేరు. ఇది కేవలం మర్యాద కాదు, ఋణాన్ని ఒప్పుకొనడం. పత్రికలన్నిటిలోను చెదరి ఉన్న ఈ ఋణపత్రాలను ఏరి, ఏ వ్యాసాన్ని తరువాత ఎవరెవరు పేర్కొన్నారో ఒకచోట కూర్చినట్లయితే, అదే శాస్త్రజ్ఞుల ఆవర్జా.

నేడు ఒక వైద్యశాస్త్ర పరిశోధకునికి ఉద్యోగం ఇవ్వవలెనన్నా, పదవి పెంచవలెనన్నా, పరిశోధనకు ధనసహాయం చేయవలెనన్నా, అనేక దేశాలలో పెద్దలు తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. ఎన్ని వ్యాసాలు ప్రకటించినాడు? వాటిని ఇతరులు ఎన్నిసార్లు పేర్కొన్నారు? ఈ లెక్క ఎట్లు పుట్టినది, ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అనే సంగతి తెలిసికొనడానికి ఒక తెలుగువాని ఖాతాను తెరచి చూతము. ఆయన భీమవరంలో పుట్టి, అమెరికాలో పనిచేసి, అక్కడనే కన్నుమూసిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ముందుగా ఆవర్జా పుట్టుకను గురించి రెండు మాటలు. ఈ ఊహ మొదట శాస్త్రజ్ఞులది కాదు, న్యాయవాదులది. న్యాయస్థానంలో ఒక పాత తీర్పును ఆధారంగా చూపవలెనంటే, ఆ తీర్పును తరువాతి తీర్పులు సమర్థించినవో, త్రోసిపుచ్చినవో తెలిసి ఉండవలెను. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన 1873లో ఈ వివరాలను కూర్చి న్యాయవాదులకు అమ్మడం మొదలుపెట్టినాడు. ఎనిమిది దశాబ్దాల తరువాత, యూజీన్ గార్‌ఫీల్డ్ అనే యువకుడు ఇట్టి సూచికనే శాస్త్రవ్యాసాలకు కూడ తయారుచేయవచ్చునని 1955లో ‘సైన్స్’ పత్రికలో వ్రాసినాడు. తప్పుడు ఫలితాలను, కాలం చెల్లిన ఫలితాలను తెలియక మరల మరల పేర్కొనే దోషం దీనివలన తగ్గునని ఆయన ఆశ. ఒక ఊహ ఏ దారిన ప్రయాణించి ఎక్కడికి చేరినదో తెలిసికొనడానికి ఇది మంచి సాధనమని ఆయన అభిప్రాయం. మనుష్యులకు మార్కులు వేయడం కొరకు దానిని తలపెట్టలేదు.

ఫిలడెల్ఫియా నగరంలో గార్‌ఫీల్డ్ స్థాపించిన సంస్థనుండి శాస్త్ర ఉల్లేఖన సూచిక 1960 తరువాతి సంవత్సరాలలో వెలువడసాగినది. 1961లో వచ్చిన వ్యాసాలను పురస్కరించుకొని తయారైన మొదటి సంపుటాలలో 613 పత్రికలు చేరినవి. వాటినుండి ఏరిన ఉల్లేఖనాలు సుమారు 14 లక్షలు. అన్ని పద్దులను చేతితో వ్రాసి కూర్చడం మనుష్యులకు అలవికాని పని. కంప్యూటరు యంత్రాలు రావడంవలననే అది సాధ్యమైనది.

ఆ అచ్చు సంపుటాలలో ఒక నియమం ఉండేది. చూచుటకు చిన్నది, దాని ఫలితం మాత్రం పెద్దది. ఒక వ్యాసాన్ని ఎందరు కలిసి వ్రాసినను, దానిపై వచ్చే ఉల్లేఖనాలన్నీ మొదటి రచయిత పేరననే ఎక్కేవి. ఖాతా మొదటివానిదే. రెండవవాడు, మూడవవాడు ఆ ఖాతా నీడలో ఉండవలసినదే. ఈ నియమాన్ని గుర్తుంచుకొని సుబ్బారావుగారి సంగతికి వత్తము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న జన్మించినారు. తండ్రిని పోగొట్టుకొన్నారు. చదువు కూడ తిన్నగా సాగలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతున్న కాలంలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యునికి కోపం వచ్చినదనీ, అందువలన పూర్తి పట్టం దక్కక ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ యోగ్యతాపత్రంతో బయటపడవలసి వచ్చినదనీ ఆయన జీవితచరిత్రకారులు చెప్పుతారు. మద్రాసులో డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం ఉపన్యాసకులుగా ఉన్నారు. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో ఆయన సోదరులిద్దరు రోజుల వ్యవధిలో మరణించినారు. ఈ దుఃఖమే ఆయనను వైద్యపరిశోధన వైపు త్రిప్పినదని అంటారు. మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సహాయంతోను ఆయన ఓడ ఎక్కి బోస్టన్ నగరం చేరినారు. అక్కడ రాత్రివేళ ఒక ఆసుపత్రిలో కూలిపని చేస్తూ, పగలు చదువుకొన్నారు. అనంతరం హార్వర్డ్ వైద్యకళాశాలలో జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద పనికి కుదురుకొన్నారు.

ఆ శాఖకు అప్పుడు అధిపతి ఓటో ఫోలిన్. రక్తంలోను మూత్రంలోను ఉండే పదార్థాలను రంగుల సహాయంతో కొలిచే విద్యకు ఆయన ఆచార్యుడు. పదార్థానికి ఒక కారకాన్ని చేర్చి రంగు పుట్టించడం, ఆ రంగు గాఢతను తెలిసిన పరిమాణపు రంగుతో పోల్చి చూడడం, ఇదే ఆ విద్య సారాంశం. కంసాలి ఒరగల్లు మీద గీటు పెట్టి బంగారపు వన్నె పోల్చినట్లే అనుకొనవచ్చును.

శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పని ఫిస్కే, సుబ్బారావుగార్లకు వచ్చినది. అంతకుముందే 1920లో బెల్, డాయిసీ అనేవారు ఒక పద్ధతి చెప్పినారు. 1922లో బ్రిగ్స్ దానిని సవరించినారు. ఆమ్లంలో మాలిబ్డేటు అనే లవణాన్ని కలిపితే ఫాస్ఫేటు దానితో కూడి ఒక సంయోగపదార్థం ఏర్పడుతుంది. దానికి తగిన మరొక కారకాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత గాఢంగా ఉంటుంది. పూర్వులు వాడిన కారకం హైడ్రోక్వినోన్. దానితో రంగు ఆలస్యంగా వచ్చేది. ఇతర పదార్థాలు అడ్డుతగిలేవి. ఫిస్కే, సుబ్బారావుగార్లు దానికి బదులుగా అమినోనాఫ్తాల్ సల్ఫోనికామ్లాన్ని వాడినారు. రంగు త్వరగాను, నిలకడగాను వచ్చినది. ఈ పద్ధతిని వివరించిన వ్యాసం 1925లో జీవరసాయనశాస్త్ర పత్రికలో, 375వ పుటనుండి 400వ పుట వరకు, వెలువడినది.

ఈ 26 పుటల వ్యాసమే సుబ్బారావుగారి పేరు కలిగిన వ్యాసాలలో అత్యధికంగా ఉల్లేఖనం పొందినది. అది ప్రకటింపబడిన నాటికి ఆయన వయస్సు ముప్పది సంవత్సరాలు. శాస్త్రలోకంలో అత్యధికంగా పేర్కొనబడిన వ్యాసాల పట్టికలు తయారైనప్పుడు ఈ వ్యాసం కూడ వాటిలో చోటు సంపాదించుకొన్నది. దానికి వచ్చిన ఉల్లేఖనాలు పదివేలకు మించినవి. మొక్కల మీద పనిచేసేవారు, ఎముకల మీద పనిచేసేవారు, సూక్ష్మజీవుల మీద పనిచేసేవారు, ఎవరైనను సరే, ఫాస్ఫేటు కొలువవలసి వచ్చినప్పుడు ఈ వ్యాసాన్ని తలచుకొనవలసినదే.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టుతుంది. సుబ్బారావుగారు చేసిన ఘనకార్యాలలో ఇదే మిక్కిలి గొప్పదా? దీనికి సమాధానం చెప్పేముందు, ఇదే పరంపరకు చెందిన మరొక వ్యాసాన్ని చూతము. ఆలివర్ లౌరీ అనే శాస్త్రజ్ఞుడు ముగ్గురు సహచరులతో కలిసి, ఫోలిన్ పేరుగల కారకాన్నే వాడి, ప్రోటీనులను కొలిచే పద్ధతిని 1951లో అదే పత్రికలో ప్రకటించినాడు. 2014లో ‘నేచర్’ పత్రిక అత్యధికంగా పేర్కొనబడిన నూరు వ్యాసాలను లెక్క తీయించినప్పుడు మొదటి స్థానం ఈ వ్యాసానిదే. ఉల్లేఖనాలు 3,05,000కు మించినవి. ఇది తన గొప్ప వ్యాసమేమీ కాదని లౌరీయే స్వయంగా ఒప్పుకొన్నాడు. ఇక వాట్సన్, క్రిక్ అనేవారు డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని 1953లో వెల్లడించిన సుప్రసిద్ధ వ్యాసం మొదటి నూరింటిలో లేనే లేదు.

దీనికి కారణం సులభంగానే ఊహింపవచ్చును. ఇల్లు కట్టినవారు తాపీని ప్రతిరోజు చేతబడతారు. ఇంటి నమూనా గీచినవానిని గృహప్రవేశమునాడు ఒకసారి తలచుకొంటారు. పద్ధతి అనేది పనిముట్టు. వాడిన ప్రతివాడు దానిని పేర్కొనవలెను. కాబట్టి ఉల్లేఖనాల సంఖ్య ముఖ్యంగా కొలిచేది వాడుకను. వాడుకకు విలువ లేదని కాదు. పదివేలమంది పరిశోధకుల చేతిలో నమ్మకంగా పనిచేసిన కొలమానాన్ని తయారుచేయడం సామాన్యం కాదు. కాని వాడుక వేరు, మహత్తు వేరు. ఆవర్జాలోని పెద్ద మొత్తాన్ని చూచి రెండింటిని ఒకటిగా భావించరాదు.

సుబ్బారావుగారి విషయంలో ఈ భేదం ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూడండి. తమ పద్ధతితో ఆయన, ఫిస్కే కండరాలలోని ఫాస్ఫేటును కొలువసాగినారు. అప్పుడొక వింత జరిగినది. త్వరగా రావలసిన నీలిరంగు కండరరసంలో మాత్రం మెల్లమెల్లగా పెరుగుతూ పోయినది. మరొకరైతే ప్రయోగంలో ఏదో పొరపాటు జరిగినదని రసాన్ని పారబోసేవారేమో. వీరు ఆ ఆలస్యాన్నే పట్టుకొన్నారు. కండరంలో ఏదో ఒక పదార్థం ఫాస్ఫేటును తనలో బిగబట్టి ఉంచి, ఆమ్లంలో కరగి కొద్దికొద్దిగా విడుస్తున్నదని గ్రహించినారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. దానిని గురించి వారు 1927లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించినారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడ ఈ పదార్థాన్ని వేరుదారిన కనుగొన్నారు.

అప్పటివరకు కండరపు కదలికకు లాక్టికామ్లమే కారణమని పండితుల నమ్మకం. ఆ మార్గంలో కృషిచేసిన హిల్, మాయర్‌హాఫ్ అనేవారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానం లభించినది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడిన తరువాత ఆ సిద్ధాంతపు పునాదులు కదలినవి. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టికామ్లం పుట్టకుండ అడ్డగించినను కండరం సంకోచింపగలదని చూపడంతో అవి పూర్తిగా కూలినవి.

ఫిస్కే, సుబ్బారావుగార్ల శోధన అంతటితో ఆగలేదు. 1929లో వారు కండరంలోనుండి మరొక పదార్థాన్ని బయటికి తీసినారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, నేడు ఉన్నతపాఠశాల పిల్లలు కూడ ఏ.టి.పి. అని చెప్పేది. కొద్ది నెలల తేడాతో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దీనిని కనుగొన్నాడు. మనం చేయి కదపడానికి, శ్వాస తీయడానికి, ఆలోచించడానికి, జీవకణం తన శక్తిని ఖర్చుపెట్టేది ఈ నాణెం రూపంలోనే.

ఏ.టి.పి.ని గురించిన ఆ 1929 వ్యాసం రెండు పుటలకు మించదు. జీవరసాయనశాస్త్రంలో ఏ.టి.పి. ప్రస్తావన లేని అధ్యాయం దొరకడం కష్టం. అయినను ఆ పదం వ్రాసిన ప్రతిసారి ఫిస్కే, సుబ్బారావు, లోమన్ అని ఎవరును పేర్కొనరు. పేర్కొనవలసిన అవసరం కూడ లేదని అనుకొంటారు. భూమి గుండ్రముగా ఉన్నదని వ్రాసేవాడు ఎవరి పేరు చెప్పుతాడు? ఒక సత్యం అందరి సొత్తు అయినప్పుడు దానిని కనుగొన్నవాని పేరు జారిపోతుంది. అమెరికా సామాజికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ ఈ విచిత్రాన్ని గుర్తించి దానికొక పేరు పెట్టినాడు. జ్ఞానంలో లీనమగుటచేతనే కర్త పేరు మాసిపోవడం అని దాని భావం. అనగా, ఒక ఆవిష్కారం మిక్కిలి విజయవంతమైనప్పుడే దాని ఖాతాలో క్రొత్త పద్దులు పడడం తగ్గుతుంది. ఆవర్జాలోని మొదటి లోపం ఇది.

రెండవ లోపం ఖాతా పేరులో ఉన్నది. 1925, 1927, 1929 వ్యాసాలన్నిటిలోను మొదటి పేరు ఫిస్కేది. ఆయన పెద్దవాడు, శాఖలో పదవి గలవాడు. ఆ కాలపు ఆచారం ప్రకారం అది విరుద్ధమేమీ కాదు. కాని అచ్చు సూచికలో ఈ వ్యాసాలకై వెదకేవాడు సుబ్బారావు పేర చూచినట్లయితే అక్కడ అవి కనిపించవు. ఫిస్కే పేర చూడవలెను. మన ఆచారంలో ఇంటిపేరు ముందు వస్తుంది, పెట్టిన పేరు తరువాత వస్తుంది. పాశ్చాత్యుల లెక్కలో చివరిది ఇంటిపేరు. అందువలన యల్లాప్రగడవారి వంశనామం అమెరికా పత్రికలలో ఒక్క పొడి అక్షరంగా కుంచించుకొనిపోయి, సుబ్బారావు అనే పేరే ఇంటిపేరుగా నిలిచినది. నేటికీ దక్షిణదేశపు పరిశోధకులు అనేకులు ఈ చిక్కును ఎదుర్కొంటున్నారు. ఒకే మనిషి రెండు మూడు విధాల పేర్లతో రెండు మూడు ఖాతాలకు చీలిపోవడం సాధారణం.

మూడవ లోపం మరింత బాధాకరం. వ్రాసిన వ్యాసాలనే ఆవర్జా లెక్కించగలదు. వ్రాయలేకపోయినవాటిని ఎవరు లెక్కిస్తారు? హార్వర్డులో ఫిస్కే ప్రయోగశాలలోనే పనిచేసి, తరువాత 1988లో నోబెల్ బహుమానం పొందిన వారిలో ఒకరైన జార్జి హిచింగ్స్, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఫిస్కే వెలుగులోనికి రానీయలేదనీ, వాటిని ఏండ్ల తరువాత ఇతరులు మరల కనుగొనవలసి వచ్చినదనీ చెప్పినారు. ఇది ఒక్కరి సాక్ష్యమే. ఫిస్కే పక్షంనుండి జవాబు మన ముందు లేదు. అయినను ప్రకటింపబడని పరిశోధనకు ఏ ఆవర్జాలోను స్థానం లేదనే విషయం మాత్రం నిస్సందేహం. సుబ్బారావుగారికి 1930లో హార్వర్డు డాక్టరు పట్టం ఇచ్చినది గాని, స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లిపోయినారు.

అక్కడ గడపిన ఎనిమిది సంవత్సరాలే ఆయన జీవితంలో మిక్కిలి ఫలవంతమైనవి. అక్కడి పరిశోధనలకు ఆయన సంచాలకులైనారు. ఆశ్చర్యమేమనగా, ఆవర్జాలో ఆయన పేరు బొత్తిగా మరుగుపడినది కూడ అక్కడనే. ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. రక్తహీనతను పోగొట్టే ఈ విటమిను నిర్మాణాన్ని తెలిసికొని, దానిని ప్రయోగశాలలో తయారుచేసిన విధానాన్ని 1946లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించినారు. ఆ వ్యాసంపై ఉన్న పేర్లు 16. అక్షరక్రమం ననుసరించడంవలన మొదటిపేరు ఆంజియర్ అనే సహచరునిది, సుబ్బారావుగారిది ఏడవది. తరువాతివారు దీనిని పేర్కొన్నప్పుడు ‘ఆంజియర్ తదితరులు’ అని వ్రాస్తారు. ఆ ‘తదితరులు’ అనే మాటలోనే ఆ దళానికి నాయకుడు ఇమిడిపోయినాడు. తన సోదరులను బలిగొన్న సంగ్రహణి వ్యాధికి పనికివచ్చిన మందులలో ఈ ఫోలిక్ ఆమ్లం ఒకటి కావడం విధివిలాసం.

రెండవది అమినోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను సుబ్బారావుగారి దళం తయారుచేసినది. బోస్టన్‌లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ వాటిని తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్తపు క్యాన్సరుతో బాధపడే పిల్లలకు ఇచ్చి చూచినారు. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా ఉపశమించినది. ఆ వ్యాధి మందుకు లొంగడం అపూర్వం. 1948 జూన్‌లో ఈ సంగతిని వెల్లడించిన వ్యాసం క్యాన్సరు చికిత్స చరిత్రలో ఒక మైలురాయి. దాని రచయితలు ఫార్బర్, ఆయన సహచరులు. మందు చేసినవారి పేరు రచయితలలో లేదు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వైద్యులు వ్రాసి ఇచ్చే మందు.

మూడవది బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములపై పనిచేసే డైఇథైల్ కార్బమజైన్, హెట్రజాన్ అనే పేర వెలువడినది. 1947లో వచ్చిన దీని వ్యాసానికి మొదటి రచయిత హ్యూయిట్. నాల్గవది అరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి ఔషధాలలో మొట్టమొదటిది. మట్టిలోని సూక్ష్మజీవినుండి దీనిని తీసిన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు సుబ్బారావుగారి సంచాలకత్వంలోనే పనిచేసినాడు. 1948లో దానిని లోకానికి తెలిపిన వ్యాసం డగ్గర్ పేరననే ఉన్నది. అది న్యాయమే, పని ఆయనది. ఆ సంవత్సరం ఆగస్టు నెలలోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సులో నిద్రలో కన్నుమూసినారు. మరల స్వదేశాన్ని చూడలేదు.

ఇప్పుడు లెక్క చూతము. ముప్పదవ ఏట వ్రాసిన రంగుల కొలత పద్ధతికి వేలకొలది ఉల్లేఖనాలు, అవికూడ ఫిస్కే ఖాతాలో. జీవశక్తికి నాణెం వంటి పదార్థాన్ని కనుగొన్న రెండు పుటలకు అంతటి వాసి దక్కలేదు. ఇతరులచేత చేయించిన పనికి, కలిసి చేసిన పనికి ‘తదితరులు’ అనే మాట. ఇది ఒక మనిషికి జరిగిన అన్యాయపు కథ మాత్రమే కాదు. ఆ కొలతకర్ర ఎక్కడ సరిగా కొలుస్తుందో, ఎక్కడ పొరపడుతుందో చూపే నిదర్శనం.

గార్‌ఫీల్డ్ సూచిక వెలువడిన తరువాత దానినుండి క్రొత్త లెక్కలు అనేకం పుట్టినవి. గార్‌ఫీల్డ్, ఇర్వింగ్ షెర్ కలిసి పత్రికల ప్రభావాన్ని కొలిచే సంఖ్య నొకదానిని కల్పించినారు. ఒక పత్రికలో వచ్చిన వ్యాసాలు సగటున ఎన్నిసార్లు పేర్కొనబడినవో అది చెప్పుతుంది. గ్రంథాలయాధికారులకు ఏ పత్రికలు కొనవలెనో తెలియజేయడానికి అది ఉపకరించినది. క్రమంగా, గొప్ప పత్రికలో వ్రాసినవాడు గొప్పవాడనే భావానికి అదే ఆధారమైనది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు మనుష్యులకే ఒక సంఖ్యను చెప్పినాడు. దానిని హెచ్-సూచి అంటారు. ఒకరి హెచ్-సూచి 20 అయినట్లయితే, ఆయన వ్యాసాలలో 20 వ్యాసాలు ఒక్కొక్కటి కనీసం 20 సార్లు పేర్కొనబడినవని అర్థం. ఈ లెక్క ప్రకారం ఒకే ఒక్క వ్యాసం వ్రాసి దానికి పదివేల ఉల్లేఖనాలు పొందినవాని సూచి ఒకటి. మూడేసి ఉల్లేఖనాలు గల మూడు వ్యాసాలు వ్రాసినవాని సూచి మూడు. సంఖ్య ఎంత సులభమో, అంత మోసకరం కూడ.

సంఖ్యకు బహుమానం కట్టినప్పుడు మనుష్యులు సంఖ్యనే పెంచజూస్తారు. ఒక పరిశోధనను మూడు ముక్కలు చేసి మూడు వ్యాసాలుగా ప్రకటించడం, తమ పాత వ్యాసాలను తామే అవసరం లేకున్నను పేర్కొనడం, పని చేయనివాని పేరు కూడ రచయితలలో చేర్చడం మొదలైన అలవాట్లు ప్రబలినవి. శాస్త్రజ్ఞులే ఈ ప్రమాదాన్ని గుర్తించినారు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమై, పత్రికల ప్రభావసంఖ్యనుబట్టి మనిషి పనికి విలువ కట్టరాదని ఒక ప్రకటన తయారుచేసి, 2013లో వెల్లడించినారు. 2015లో లైడెన్ పేర వచ్చిన మరొక ప్రకటన, సంఖ్యలు విజ్ఞుల విమర్శకు తోడుగా ఉండవలెనే గాని దాని స్థానాన్ని ఆక్రమింపరాదని చెప్పినది. నేడు కంప్యూటరు సూచికలలో రచయితలందరి పేర్లను వెదకే వీలు కలిగినది. పేర్లు కలగాపులగం కాకుండ పరిశోధకునికి ఒక స్థిరసంఖ్య ఇచ్చే ఏర్పాటు 2012నుండి అమలులో ఉన్నది. ఒకప్పటి ఖాతా దోషం కొంత సవరింపబడినదని సంతోషింపవచ్చును. వ్యాసంలో ఎవరు ఏ పని చేసినారో విడివిడిగా వ్రాయడాన్ని నేడు అనేక పత్రికలు కోరుతున్నవి. ఆంజియర్ వెనుక ఏడవవాడుగా నిలిచిన నాయకునికి అట్టి వాక్యమొకటి ఆనాడు ఉన్నట్లయితే ఎంత బాగుండేది!

అట్లని ఆవర్జాను పారవేయవలెనా? అక్కరలేదు. ఉల్లేఖనాల లెక్క లేనట్లయితే, 1925లో ఇద్దరు మనుష్యులు చేసిన ఒక చిన్న సవరణ ఎన్ని దేశాల ప్రయోగశాలలకు ఉపకరించినదో మనకు తెలిసేదే కాదు. లెక్క అబద్ధమాడదు. అడగని ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పదు. ‘ఈ వ్యాసాన్ని ఎందరు వాడుకొన్నారు?’ అని అడిగితే చక్కగా చెప్పుతుంది. ‘ఈ మనిషి ఎంతటివాడు?’ అని అడిగితే దానికి నోరు లేదు. ఆ ప్రశ్నకు జవాబు కావలెనంటే వ్యాసాలను తెరచి చదువవలెను, ఆ పని తెలిసినవారిని అడుగవలెను, కొంత కాలం కూడ వేచి ఉండవలెను. యువకులైన పరిశోధకుల భవిష్యత్తును నిర్ణయించే పెద్దలకు ఈ శ్రమ తప్పదు.

1953లో లెడర్లీలో పనిచేసిన హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు తాను వర్ణించిన ఒక క్రొత్త శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టినాడు. భారతదేశం 1995లో, ఆయన శతజయంతి సందర్భంలో, తపాలా బిళ్ల వెలువరించినది. ఇవి ఆయనకు లభించిన గౌరవాలు. ఇంతకంటె పెద్ద పద్దు మరొకటి ఉన్నది. గోదావరి మండలాలలో బోదకాలు తరతరాలుగా ఎరిగిన బాధ. 1955లో జాతీయస్థాయిలో దాని నివారణకు ప్రయత్నం ఆరంభమైనది. 2004నుండి దేశంలో ఆ వ్యాధిగల జిల్లాలలో ఏటేటా ఇంటింటికి మాత్రలు పంచినారు. ఆ మాత్ర డైఇథైల్ కార్బమజైన్. భీమవరంలో పుట్టినవాడు పెర్ల్ రివర్‌లో చేయించిన మందు, ఆయన తిరిగి చూడని గోదావరి గడ్డకు ఆ విధంగా తిరిగివచ్చినది. మంచినీళ్లతో మాత్ర మ్రింగినవారు ఉల్లేఖనం వ్రాయరు. ఆ బాకీ ఏ ఆవర్జాలోను ఎక్కలేదు. ఎక్కకపోయినను బాకీ బాకీయే.